ఎర్త్ పీకేసిన యాంప్లిఫయర్

మా ఇంట్లో ఒక ఇనుప పెట్టెకు జనం వచ్చి దండం పెట్టుకుపోయిన రోజులున్నాయి. ఆ రోజుల్లో శుక్రవారం వస్తోందంటే నాకు భయం పట్టుకునేది. గురువారం సాయంత్రం నుంచే అన్నం సహించేది కాదు. ఎవరికి చెప్పుకున్నా నవ్వారు, లేదంటే లెంపలు వేసుకోమన్నారు.

మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరలు నేస్తాడు. ఆయనకు పాటల పిచ్చి. పగలంతా మగ్గం చప్పుడులో ఉండే మనిషి కాబట్టి, అమావాస్యనాడు వీధిలో మగ్గాలన్నీ ఆగినప్పుడే పాట సరిగ్గా వినపడుతుందంటాడు. ఆ ఒక్క రోజు కోసం మిగతా నెలంతా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తిరుగుతాడు. చీరల పని మీద ఏ ఊరికి పోయినా పాత పెట్టెలేమైనా ఉన్నాయా అని అడగకుండా తిరిగి రాడు.

అట్లా పెనుకొండ నుంచి ఒక పవర్ యాంప్ తెచ్చాడు. పెళ్లిళ్లకు మైకులు కట్టే పని మానేసిన ఒకాయన ఇంట్లో మూలన పడి ఉన్నదట. పవర్ యాంప్ అంటే పాటను బలంగా స్పీకర్లలోకి తోసే పెట్టె. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. దానికి ముందు ప్రీయాంప్ అని ఇంకో పెట్టె ఉండాలి. పాటను అందుకుని, సవరించి, ఎంత గట్టిగా పోవాలో చూసి పంపేది అది. ఈ రెండూ కలవాలి. కలవకపోతే ఏమవుతుందో మాకు మొదటి ప్రీయాంప్‌తోనే తెలిసింది. మీట మొత్తం తిప్పినా పాట దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుండేది. రెండోది తెస్తే మీట మీద వేలు ఆనితే చాలు, కిటికీలు అదిరేవి. వాటిని తిరిగి ఇచ్చేసి, చివరికి హిందూపురంలో ఒక రిటైరైన ఇంజనీరు ఇంటి నుంచి మూడోది తెచ్చాడు. దాంతో జాతకాలు కలిశాయి. మీట సగానికి తిప్పితే ఇల్లు నిండుగా, మెత్తగా పాట. నిజం చెప్పొద్దూ, నాక్కూడా బాగుందనిపించింది.

పాట ఆగగానే గుయ్‌మనే శబ్దం మాత్రం మిగిలింది. ప్రీయాంప్ హాల్లోని బోర్డుకు, పవర్ యాంప్ మగ్గం గదిలోని బోర్డుకు తగిలించి ఉండేవి. రెండింటికీ ఎర్త్ ఉంది. పాట వైరు రెండింటినీ కలిపేసరికి ఆ ఎర్త్‌లు చుట్టు తిరిగి కలుసుకుని గుయ్‌మంటున్నాయి. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూశాడు. తగ్గింది గానీ పోలేదు. అమావాస్యనాడు అది విని మా ఆయన ముఖం చూడాలి, ఇంట్లో ఎవరో పోయినట్టు. పెనుకొండ ఆయనకు ఫోన్ చేస్తే, "ఎర్త్ పీకేయప్పా, గుయ్‌మనేది పోతాది" అన్నాడట. ఒకదానికి పీకితే సగం పోయింది. రెండో దానికీ పీకాడు. ఇంట్లో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం.

అప్పుడు నేను ఊళ్లో లేను, హిందూపురంలో పుట్టింట్లో ఉన్నాను. ఉండి ఉంటే ఆ వైర్ల మీద చెయ్యి వేయనిచ్చేదాన్ని కాదు. పెళ్లికి ముందు నేను హిందూపురం బయట ఒక ఫ్యాక్టరీలో స్విచ్‌బోర్డులకు వైర్లు బిగించే పని చేశాను. ఎర్త్‌కు పోయే పచ్చ వైరు బిగించకుండా బోర్డును ముందుకు జరిపితే సూపర్‌వైజరమ్మ అందరి ముందూ పరువు తీసేది. లోపల ఏదైనా తెగి కరెంటు ఇనుప పెట్టెకు పాకితే, దాన్ని భూమిలోకి లాక్కుపోయేది ఆ పచ్చ వైరే. అది లేకపోతే ఎవరు ముట్టుకుంటే వాళ్ల ఒంట్లోంచే పోతుంది.

ఇక మా అత్త సంగతి. మామ పోయినప్పటి నుంచి ఆమె నోరు దాదాపు మూతపడింది. గోడకు ఆనుకుని కండెలకు పట్టుదారం చుడుతూ కూర్చునేది. పిలిస్తే ఊ అనేది, అంతే. శుక్రవారం మాత్రం తెల్లవారక ముందే లేచేది. మాకు కూడు పెట్టే ప్రతి వస్తువుకూ ఆ రోజు పసుపు కుంకుమ పెట్టడం ఈ ఇంటి ఆచారం. మగ్గానికి, రాట్నానికి, ఆఖరికి మోటార్‌సైకిలుకు కూడా. అత్త తలకు పోసుకుని, తడిచీరతోనే బండలన్నీ కడిగి, ఉత్త కాళ్లతో తిరుగుతూ బొట్లు పెట్టేది. మగ్గం పక్కన చేరిన కొత్త పెట్టెను కూడా వదల్లేదు.

నేను పుట్టింటి నుంచి వచ్చిన తర్వాతి శుక్రవారం, వంటింట్లో ఉండగా మగ్గం గదిలోంచి కేక వినపడింది.

"ఏమ్మే, ఇట్ల రా! బిన్నా రా!"

అత్త అంత గట్టిగా పిలిచి ఎన్నాళ్లయిందో. పరిగెత్తాను. ఆమె తడి అరచెయ్యి పవర్ యాంప్ మూత మీద పెట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"ఈడ చెయ్యి పెట్టు. సూడు, జుమ్మంటాండాది."

వేలు ఆనించాను. చీమలు పాకినట్టు సన్నగా జివ్వుమంది.

"అత్తా, చెయ్యి తియ్యి! అది కరెంటు!"

"కరెంటయితే ఎగరేసి కొడతాది కదమ్మే. ఇది నిమిరినట్టుండాది." ఆమె గొంతు తగ్గించి మా ఇలవేల్పు పేరెత్తింది. "చౌడమ్మ తల్లి వచ్చి కూచుండాది. నేను పిలిస్తే వచ్చినాది."

పెట్టె వెనక ప్లగ్గు పీకి, విప్పి చూశాను. పచ్చ వైరు కత్తిరించి, కొసకు టేపు చుట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా ఆయన స్నానం చేసి వచ్చేదాకా ఆగలేక బాత్రూం తలుపు దగ్గరే నిలబడి అరిచాను. ఆయన తలుపు ఓరగా తీశాడు. "కొంచెమే కదమ్మే లీకు. పాత ట్రాన్స్‌ఫార్మర్లకు ఉంటాది. ఎర్త్ పెడితే మళ్లీ గుయ్ అంటాది" అన్నాడు. ఇంట్లో ముసలమ్మ తడి చెయ్యి పెడుతుంటే ఈయనకు గుయ్ గురించి బాధ! ఈయన పాటలు తగలెయ్య అనుకున్నాను. అనుకోవడమేమిటి, పైకే అన్నాను.

అత్తకు కళ్లకు కట్టినట్టు చూపిస్తే నమ్ముతుందని ప్లగ్గు మళ్లీ పెట్టి, టెస్టర్ తెచ్చాను. దాని కొన పెట్టెకు ఆనించి, వెనక వేలు పెడితే లోపల చిన్న ఎర్ర బల్బు వెలిగింది.

"చూడత్తా. ఇది వెలిగిందంటే కరెంటు ఉన్నట్టు."

ఆమె ఆ ఎర్ర చుక్కను చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"దీపం" అంది.

అంతే, నా చేతిలోంచి వ్యవహారం జారిపోయింది. ఆ దీపం కథ మధ్యాహ్నానికల్లా వీధి కొసదాకా పోయింది. వచ్చే శుక్రవారానికి పక్కింటామె, ఎదురింటామె, వెనక సందులో వాళ్లు పూలతో వచ్చారు. దాదాపు అందరూ ఇంటి ముందు కాళ్లు కడుక్కుని, తడి కాళ్లతోనే లోపలికి నడిచి, వరసగా చేతులు ఆనించారు. జుమ్మన్న వాళ్లు లెంపలు వేసుకున్నారు. చెప్పులేసుకుని వచ్చిన ఒకామెకు ఏమీ తెలియలేదు. "చెప్పులిడిసి ముట్టుకో, తల్లి పలుకుతాది" అని అత్త నేర్పించింది. చావుకు దారి ఇంత మర్యాదగా చూపించడం నేనెక్కడా వినలేదు.

ప్లగ్గు పీకేద్దామని ఒకసారి చెయ్యి వేశాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు ఎంత గట్టివో అప్పుడు తెలిసింది. "దీపం ఆర్పుతావా?" అని అడిగింది. నేను వదిలేశాను.

మా ఆయనను ఎందుకు ఒప్పించలేకపోయానో కూడా చెప్పాలి. అత్త మాట్లాడుతోంది. వచ్చిన వాళ్లతో నవ్వుతోంది. మామ బతికున్నప్పటి సంగతులు చెబుతోంది, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంటోంది. "మా అమ్మ మనిషయినాది. రొండు నాళ్లు గమ్మునుండు" అనేవాడాయన. నాకూ ఆమె నవ్వు చూస్తే ప్రాణం లేచొచ్చినట్టుండేది. కానీ పెట్టె రోజురోజుకూ ఎక్కువ కొరుకుతోంది. మొదట వేలికి తెలిసేది, తర్వాత మోచేతిదాకా తెలిసింది. అత్త దాన్ని తల్లి బలం పెరగడమంది. గుయ్‌మనే శబ్దం ఉన్నన్నాళ్లు కనీసం అదక్కడ ఉందని చెవికి తెలిసేది. ఇప్పుడు ఏ అలికిడీ లేదు. పక్కనుంచి పోతుంటే నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పోయేదాన్ని.

తర్వాతి శుక్రవారం ఎదురింటామె మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. పాలు తాగే పిల్ల. జ్వరం తగ్గడం లేదట. "పిల్ల చెయ్యి ఆనించు, దిష్టి పోతాది" అంది అత్త. ఆ పిల్ల చెయ్యంతా చొంగతో తడిసి ఉంది. నేను మధ్యలో దూరి పిల్లను లాక్కున్నాను. వాళ్ల అవ్వ నోటికొచ్చినట్టు తిట్టింది. అత్త అందరి ముందూ నన్ను, "కడుపు పండని ముండకు పిల్ల విలువేం తెలుసు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మానలేదు. కానీ ఆ పూట ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు, ఎందుకంటే ఏం చేయాలో అప్పుడే తేల్చుకున్నాను.

మా ఆయన జరీ కోసం హిందూపురం పోయిన రోజు మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుండగా మెయిన్ ఆపి పని మొదలుపెట్టాను. గోడలోని ఎర్త్ అసలు పనిచేస్తోందో లేదో తెలియాలి కదా. చాలా ఇళ్లలో బోర్డు మీద ఎర్త్ కోసం పెట్టే మూడో రంధ్రం ఉత్తదే. కరెంటు వేసి, హోల్డర్‌కు బల్బు పెట్టి, ఒక వైరు కరెంటు వచ్చే ఫేజుకు, ఇంకోటి ఎర్త్‌కు ఇచ్చాను. బల్బు నిండుగా వెలిగింది, అంటే ఎర్త్ పనిచేస్తోంది. మళ్లీ మెయిన్ ఆపి, రెండు ప్లగ్గుల్లోనూ పచ్చ వైర్లు కొసలు గీకి, మెలిపెట్టి, స్క్రూలు బిగించాను. మెయిన్ వేయగానే స్పీకర్లు గుయ్‌మన్నాయి. ఒకప్పుడు తిట్టుకున్న ఆ శబ్దం వింటూ, మా ఆయన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత అంచున కూలబడ్డాను.

శుక్రవారం అత్త తడిచీరతో వచ్చి చెయ్యి పెట్టింది. తీసి, మళ్లీ పెట్టింది. ఎడమ చెయ్యి పెట్టింది. వంగి చెంప ఆనించింది. వెనక పూలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్త నావైపు తిరిగింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

"ఏం చేస్తివి?"

చెప్పాను. ఆ పూట నుంచి ఆమె నా చేతి కూడు ముట్టలేదు. తన గిన్నె వేరే పెట్టుకుంది. మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంది. వచ్చేవాళ్లు మానేశారు. నేను కొళాయి దగ్గరికి పోతే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. మా ఆయన గుయ్‌మనే స్పీకర్లను, నోరు మూసుకున్న తల్లిని మార్చి మార్చి చూసి, కత్తెర తీసుకుని పెట్టె వెనక్కి వంగాడు.

"ఆ వైరు తెంపితే నేను హిందూపురం బస్సెక్కుతా. మళ్లీ రాను" అన్నాను.

ఆయన కత్తెర మగ్గం మీద పెట్టి బయటికి పోయాడు. నేను చేసింది తప్పేమోనని నాకే అనిపించిన రోజులవి. ఒక ముసలమ్మకున్న ఒక్క సంతోషాన్నీ పీకేశానని లోలోపల కుమిలిపోయాను.

అత్త మాత్రం బొట్టు మానలేదు. ప్రతి శుక్రవారం చెయ్యి ఆనించి, తల్లి వచ్చిందేమోనని చూసి, ముఖం వేలాడేసుకుని పోయేది. ముసురు పట్టిన ఒక శుక్రవారం, కరెంటు పోతూ వస్తూ ఉంది. గోడలు చెమ్మగిల్లాయి. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆమె చెంబుతో పసుపునీళ్లు తెచ్చి పెట్టె మీద చిలకరించింది. ఎన్నడూ లేనిది, చెంబు వంచి ధారగా కూడా పోసింది. వద్దత్తా అని నేను అరిచేలోగా నీళ్లు మూత మీది సందుల్లోకి దిగాయి. ఆమె అరచెయ్యి మొత్తం దాని మీద పెట్టింది.

లోపల టప్‌మని పేలింది. కాలిన వాసన. మెయిన్ ట్రిప్ అయి ఇల్లంతా చీకటి.

ఎట్లా అడుగులు వేశానో తెలియదు. ఆమెను నడుము పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బండల మీద పడ్డాం. ఆమె చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని చూశాను. వెచ్చగా, పసుపు పూసుకుని, ఎప్పటిలాగే ఉంది. వేళ్లు ఒక్కొక్కటే ఒత్తి చూశాను. నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయన టార్చి తెచ్చి మూత విప్పాడు. లోపల కరెంటు వైరు నల్లగా కాలి, ఇనుప అడుగుకు అతుక్కుని ఉంది. పక్కన పచ్చ వైరు. ఆయన దాన్నీ, తల్లినీ, నన్నూ చూసి, నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ వైరే లేకపోయింటే నువ్వు ఈ పాటికి..." అని మొదలుపెట్టాడు.

"గమ్మునుండు" అంది అత్త. నా చేతుల్లోంచి తన చెయ్యి విదిలించుకుంది. "ఇన్నాళ్లూ పలకకపోయినా లోపల ఉండాదనుకున్నా. ఈపొద్దు సచ్చిపోయినాది. ఈమే చంపినాది, నా తల్లిని."

ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినలేదు. నేను చెప్పడం మానేశాను. ఇప్పటికీ నాతో ముఖాముఖి మాట్లాడదు. కానీ శుక్రవారం తెల్లవారకముందే లేచి, తడిచీరతో బండలు కడుగుతూ, నన్నూ నా పుట్టింటినీ కలిపి తిడుతుంది. నాకు మెలకువ వచ్చినా లేవను. ఆమె గొంతు పలుకుతోంది కదా అని ఆ తిట్లు చివరిదాకా విని, అప్పుడు లేచి పొయ్యి వెలిగిస్తాను.