ఏడవకుండా లేవడం

మా వైపు ఎవరైనా కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంటే చూస్తూ ఊరుకోరు. పేరు పెట్టి పిలుస్తారు, చెంపలు తడతారు, పలికేదాకా వదలరు. పలికితేనే మనిషి ఉన్నట్టు. ఈ విషయంలో మా అత్తగారిని మించినవాళ్లు చల్లపల్లి మొత్తంలో ఉండరు.

మా అమ్మాయికి ఐదేళ్లు. గుండెలో రంధ్రం ఉంది. మొదటిసారి మత్తిచ్చి, తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి లోపలి ప్రెషర్లు చూశారు. తర్వాత రికవరీ రూములో పడుకోబెట్టి, మత్తు దానంతటదే దిగాలి, లేపొద్దు, సాయంత్రందాకా ఆ కాలు కదలకూడదు అన్నారు. లోపలికి ఒక్కరే వెళ్లాలంటే అత్తగారు నన్ను పక్కకు నెట్టి తనే వెళ్లారు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తలుపు అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. పాప భుజం పట్టుకుని ఊపుతున్నారు. "తల్లీ, నాయనమ్మనే, కళ్లు తెరువమ్మా, ఒక్కసారి పలకవే" అంటున్నారు.

పాప కళ్లు తెరిచిందిగానీ ఎవర్నీ గుర్తుపట్టలేదు. ఒకటే అరుపులు, రక్కడం, ఆక్సిజన్ మాస్కు పీకి పారెయ్యడం. నేను పరిగెత్తుకెళ్లి పట్టుకుంటే "నువ్వు పో" అని తన్నింది. తన్నింది కదలకూడని కాలితోనే. తొడ మీది తెల్లటి కట్టు చూస్తుండగానే ఎర్రబడింది. సిస్టర్ రెండు చేతులతో అక్కడ నొక్కిపట్టుకుని చాలాసేపు నిలబడింది. అత్తగారు బయటికొచ్చి గుణదల మేరీమాతకు మొక్కుకున్నారు. ఆవిడ ఏ దేవుణ్ణీ వదలరు.

మత్తు డాక్టరమ్మ మర్నాడు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "సగం మెలకువలో ఎక్కడున్నారో తెలీక పిల్లలు హడలిపోతారండీ. మందు మేం ఇస్తాం. మిగతాది ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. ఏం చేస్తామో పాపకి ముందే చెప్పండి, ఆటలా ఆడించండి. లేచేటప్పుడు మీరే పక్కనుండండి. పిలవొద్దు."

ఊపిరితిత్తుల్లో ప్రెషర్ బాగా ఎక్కువుందట, కొన్ని నెలలు మాత్రలు వాడాక మళ్లీ చూస్తారట. అది తగ్గితే రంధ్రం అప్పుడే, ఆ గొట్టంలోంచే మూసేస్తారు. తగ్గకపోతే మూయడమే ప్రమాదం. ప్రెషర్ నా మాట వినదు. నా చేతిలో ఉన్నది పిల్ల ఏడవకుండా లేచేలా చూసుకోవడం ఒక్కటే.

అందుకని పటమటలో మా అద్దె పోర్షన్‌లో రోజూ అదే ఆట. పాప ప్లాస్టిక్ గ్లాసు మాస్కులా నా మూతికి పెట్టి నన్ను పడుకోబెట్టేది. "కాలు కదిపావంటే ఔటు" అనేది. నేను దొంగచాటుగా బొటనవేలు ఆడిస్తే ఇట్టే పట్టేసేది. తర్వాత తన వంతు. ఆయాసంతో ఛాతీ ఎగిరెగిరిపడుతున్నా కాలు మాత్రం కర్రలా బిగబట్టేది. చూస్తే నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది. ఐదేళ్ల పిల్ల నేర్చుకోవాల్సిన విద్యేనా ఇది?

రెండోసారి అత్తగారిని రావద్దన్నాను. ఆవిడ అలిగి చల్లపల్లిలోనే ఉండిపోయారు. రికవరీ రూములో లైట్లు తగ్గించారు. సిస్టర్లు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నేను పాప చెయ్యి పట్టుకుని, పిలవకుండా కూర్చున్నాను. ఎంత కష్టమో! పేరు గొంతుదాకా వస్తూనే ఉంది, మింగేస్తూనే ఉన్నాను.

కనురెప్పలు కదిలాయి. నన్ను చూసింది, గుర్తుపట్టింది. "ఏడవలేదు కదా?" అంది బొంగురుగా. సిస్టర్లు చుట్టూ చేరి మురిసిపోయారు. "ఇంత బుద్ధిగా లేచిన పిల్లని చూళ్లేదండీ" అన్నారు. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

అప్పుడే గుండె డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. ప్రెషర్ తగ్గలేదు, పెరిగింది. రంధ్రం మూయలేదు. ఇక మూయలేరు.

"ఆపరేషన్ కూడా కుదరదండీ. మాత్రలు వాడుతూ ఉందాం, ఎన్నాళ్లు పనిచేస్తే అన్నాళ్లు" అన్నారు. "ఈ పరీక్షలతో పాపని ఇంక బాధపెట్టడం అనవసరం."

కోపం తెచ్చుకుందామన్నా మనిషి మర్యాదగానే చెప్పారు. ఎవరి మీద అరవాలో తెలియలేదు. నాకు ఇక ఏ ఆశా లేదని మాత్రం తెలిసింది. మొహం కడుక్కుని లోపలికెళ్లాను.

"అమ్మా, మళ్లీ రావాలా ఇక్కడికి?"

"అక్కర్లేదమ్మా."

"ఇంకెప్పుడూనా?"

"ఇంకెప్పుడూ."

దాని మొహం వెలిగిపోయింది. నాయనమ్మకు తనే చెప్పాలంది. ఫోన్ కలిపి ఇచ్చాను.

"నాయనమ్మా, నేను అస్సలు ఏడవలా! ఇంక ఆసుపత్రికి రానక్కర్లేదంట!"

అవతల ఆవిడ నవ్వూ ఏడుపూ నాక్కూడా వినిపిస్తున్నాయి. "నా తల్లే, నా బంగారమే, బాగైపోయిందా!" అంటూ పక్కింటివాళ్లను కేకేసి మరీ చెబుతున్నారు.

"అమ్మా, నాయనమ్మ నీతో మాట్లాడిద్దంట" అని పాప ఫోన్ నాకు అందించింది. నేను చెయ్యి చాపలేదు.