పది రోజుల కాపలా

గంగులమ్మ నాకు వరసకు పెద్దమ్మ. పుంగనూరులో సదుం రోడ్డు చివర, ఇళ్లు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఆమె ఇల్లు. కుప్పం పక్క నుంచి పదిహేనో ఏట కోడలిగా వచ్చింది. ఇద్దరు కూతుళ్లను పెంచి, ఒకరిని కలికిరికి, ఒకరిని గుర్రంకొండకు ఇచ్చింది. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది ఆమె, పెనిమిటి గోవిందరాజులు, రెండు ఆవులు, కరియ అనే నల్ల కుక్క. తెల్లవారకముందే పాలు పితికి నాలుగు హోటళ్లకు పోసి వచ్చాకే ఆమె కాఫీ తాగేది. ఎవరితోనూ తగాదా పెట్టుకునేది కాదు. కానీ ఒకసారి మనసు విరిగితే ఆ మనిషి గడప తొక్కేది కాదు.

ఆమె మనసు విరిగింది సొంత అక్క మీదనే. అక్క వెంకటరత్నమ్మ కాపురం కుప్పంలో. వాళ్లమ్మ చివరి ఐదు నెలలూ మంచం పట్టి పెద్దకూతురి ఇంట్లోనే ఉండింది. 1969లో ఆమె పోయింది. పోయిన సంగతి గంగులమ్మకు తెలిసింది తొమ్మిదో రోజున, ఒక కార్డు ముక్కతో. దినాలకు పోయి, టెలిగ్రాం యాల ఇయ్యలేదని అడిగితే, “ఇచ్చినాం, మీకు చేరలేదేమో” అనింది అక్క. పుంగనూరు తపాలాఫీసులో విచారిస్తే మీ పేరుతో ఏమీ రాలేదన్నారు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు గంగులమ్మ కుప్పం పోలేదు. బావ చనిపోయినప్పుడు కూడా గోవిందరాజులొక్కడే పోయి వచ్చాడు.

1983 ఆగస్టులో వెంకటరత్నమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఒక వారం నీ దగ్గర ఉండి పోతాను, సోమవారం బయలుదేరుతున్నాను అని రాయించింది. గంగులమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుంది.

“రావద్దని రాయమంటావా?” అన్నాడు గోవిందరాజులు.

“వచ్చే మనిషిని రావద్దని ఎట్ల అంటాం. వారమే కదా.”

సోమవారం సాయంత్రం పలమనేరు బస్సులో అక్క దిగింది. అరవై ఆరేళ్ల మనిషి, బాగా చిక్కిపోయింది. గంగులమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి వడ్డించింది. “ఇంకొంచెం ఏసుకో అక్కా” అనడం, “సాలు” అనడం తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మంగళవారం పొద్దున గంగులమ్మ పాలు పోసి వచ్చేసరికి అక్క పెరట్లో కింద కూర్చుని ఉంది. ఎడమ పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు. చీర అంచంతా నెత్తురు. ముఖం కడుక్కోవడానికి పోతుంటే పశువుల కొట్టంలో పడుకున్న కరియ లేచి కరిచిందట. కరిచి, చెనిక్కాయ చేలోకి పారిపోయింది.

కరియ అంతకుముందు ఎవరినీ కరిచింది లేదు. అందుకే భయమేసింది. నెలన్నర కిందట సదుం వైపు నుంచి ఒక పిచ్చికుక్క వచ్చి రోడ్డు పొడుగునా కుక్కల్నీ దూడల్నీ కరిచి పోయింది. వాటిలో ఒక దూడ వారం కిందటే నురగలు కక్కి చచ్చింది. కరియను అది కరిచిందో లేదో ఎవరూ చూడలేదు.

పక్కింటి నల్లప్ప కారం తెచ్చి గాయంలో అదమమన్నాడు. గంగులమ్మ ఆ పొట్లం తోసేసి, సబ్బు పెట్టి కాలు కడిగి, పొద్దున తొమ్మిది బస్సుకు అక్కను మదనపల్లె తీసుకుపోయింది. ఆ సూదిమందు అప్పట్లో అక్కడే దొరికేది.

డాక్టరు గాయం చూసి మొదట అడిగింది కుక్క గురించే. “చంపేశారా?”

“లేదు సార్. పారిపోయింది.”

“చంపకండి. పట్టుకుని కట్టేయండి. పది రోజులు చూడండి. పది రోజులూ బాగుంటే భయం లేదు, సూదులు ఆపేద్దాం. ఈలోగా చచ్చిందంటే పద్నాలుగూ వేయాల్సిందే. అప్పుడు కూడా నేను మాట ఇవ్వలేను.”

బొడ్డు పక్కన సూది దిగినప్పుడు వెంకటరత్నమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. గంగులమ్మ చెయ్యి లాక్కోలేదు, ఎదురు పట్టుకోనూ లేదు.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి చెనిక్కాయ చేను చుట్టూ మనుషులు. నల్లప్ప, ఇంకో ముగ్గురు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. గోవిందరాజులు వాళ్లకు అడ్డం చెప్పలేక గట్టు మీద నిలబడి ఉన్నాడు. గంగులమ్మ అక్కను రోడ్డు మీదే వదిలి చేలోకి దిగింది.

“నల్లప్పా, కర్ర దించు.”

“పిల్లోళ్లు తిరిగే దోవ ఇది. రేపు ఎవురికన్నా అయితే నువ్వు జవాబు సెప్తావా?”

“సెప్తా. దాన్ని సంపితే మా అక్క బతుకుతాదో లేదో ఎవురికీ తెలీకుండా పోతాది. అది బతికుంటేనే మాకు తెలిసేది. దించప్పా.”

నల్లప్ప దించలేదు. కానీ ముందుకు రాలేదు. గంగులమ్మ వంగి పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి చెనిక్కాయ చెట్ల మధ్య నుంచి కరియ పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చింది. గోవిందరాజులు ఇనుప కంబితో ఉచ్చు చేసి, కర్ర చివర తగిలించి, దూరం నుంచే దాని మెడలో వేశాడు. ఆ కంబితోనే కొట్టంలో గుంజకు కట్టేశారు. ఆవుల్ని వేపచెట్టు కిందికి మార్చారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరి చూపూ కొట్టం వైపే. పొద్దున లేవగానే గోవిందరాజులు పోయి చూసి వచ్చి, “లేచి నిలబడుండాది” అనేవాడు. గంగులమ్మ పొడుగాటి కర్రతో సంగటి సట్టిని, నీళ్ల సట్టిని దాని ముందుకు తోసేది. తర్వాత తొమ్మిది బస్సుకు అక్కతో మదనపల్లె. వెంకటరత్నమ్మ నడవాలో మంచం వేయించుకుంది. అక్కడ నుంచి చూస్తే కుక్క కనిపిస్తుంది. గంటలకు గంటలు కళ్లార్పకుండా దాన్నే చూసేది.

శుక్రవారం కరియ సంగటి ముట్టలేదు. శనివారం నీళ్లు కూడా ముట్టలేదు. సట్టి దాకా వచ్చి, మూతి ముందుకు పెట్టి, వెనక్కి పోయేది. నోటి వెంట చొంగ కారుతూ ఉంది. గోడ మీద నుంచి చూసిన నల్లప్ప, “నీళ్లను సూసి బెదురుతాండాది” అని చెప్పి పోయాడు. ఆ మాట వెంకటరత్నమ్మ చెవిన పడింది.

ఆ పొద్దు మదనపల్లెలో సూది వేయించుకుని వస్తుంటే బస్సులో అక్కచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. వెంకటరత్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నిదానంగా చెప్పింది.

“గంగులూ, అమ్మ పోయినప్పుడు మేము టెలిగ్రాం ఇయ్యలా.”

గంగులమ్మ తల తిప్పి అక్క వైపు చూసింది.

“మీ బావ ఇచ్చేదానికి బయలుదేరినాడు. నేనే, ఇచ్చేసినాలే అని అబద్ధం చెప్పి నిలిపేసినా. నేను కావాలనే చేసినా.”

“యాల?”

“ఐదు నెలలు మలమూత్రాలు ఎత్తింది నేను. నువ్వు ఒకసారి వచ్చి రెండు రోజులుండి పోయినావు. చివరి మూడు రోజులు అమ్మ నీ పేరే పిలిచింది. గంగులు వచ్చిందా, గంగులు వచ్చిందా అని. పక్కనే ఉండే నేను కనపడలా. ఆ మంటలో చేసినా.” చెల్లెలి వైపు తిరిగి, “ఎట్లాగూ పోతాండాను కదా, చెప్పి పోదామని” అంది.

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. గంగులమ్మ లేచి, సీటు ఇంకొకరికిచ్చి, పుంగనూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది.

ఇంటికొచ్చి అక్కకు అన్నం పెట్టింది. తాను తినలేదు. పొద్దు వాలేటప్పుడు కొట్టం ముందుకు పోయి నిలబడింది. కుక్క ఆమెను చూసి తోక ఆడించలేదు. అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. చస్తే చావనీ అని. కుక్క గురించి కాదు అనుకున్నది. ఎన్నో ఏళ్ల తర్వాత ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు కూడా పెద్దమ్మ నా ముఖం చూడలేదు.

“అట్ల అనుకున్నాక ఆడనే కూసుండిపోయినా” అంది.

కూర్చుంది కాబట్టే అది కనిపించింది. అంతవరకూ అందరూ దూరం నుంచి, పై నుంచి చూసినవాళ్లే. కరియ నీళ్ల కోసం మళ్లీ వచ్చింది. మూతి సట్టి వైపు వంచబోయింది. వంచగానే ఒళ్లంతా జల్లుమన్నట్టు వణికి తల ఎత్తేసింది. మెడ కింద బొచ్చులో కంబి కనిపించడం లేదు. లోపలికి దిగిపోయింది. చుట్టూ వాచి చీము పట్టింది.

గంగులమ్మ ఇంట్లోకి పోయి సత్తు గిన్నె నిండా నీళ్లు తెచ్చింది. గోవిందరాజులు అది చూసి దోవకు అడ్డం వచ్చాడు.

“దగ్గరికి పోవద్దు మే. డాక్టరు ఏం చెప్పినాడు?”

“కట్టేయమన్నాడు. మెడ కోయమన్లా. పక్కకు జరుగు.”

“అది కరిస్తే మీ ఇద్దరికీ నేను సూదులేయించాల.”

“అయితే ఏయించు.”

ఆమె కొట్టంలోకి పోయి, చేతికందేంత దూరంలో గొంతుక్కూర్చుని, గిన్నెను కుక్క మూతి ఎత్తుకు రెండు చేతులతో పట్టుకుంది. కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంది. ఆమె కదల్లేదు. చేతులు లాగుతున్నా దించలేదు. గోవిందరాజులు కర్ర ఎత్తి పట్టుకుని వెనక నిలబడ్డాడు. నడవాలో వెంకటరత్నమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని చూస్తూ ఉంది. కరియ ఒకడుగు వేసింది. ఇంకో అడుగు. నాలుక బయటపెట్టి నీళ్లు ఒకసారి నాకింది. ఆ తర్వాత గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

“అక్కా, తాగుతాండాది” అంది గంగులమ్మ వెనక్కి తిరగకుండానే.

ఆదివారం పశువుల ఆసుపత్రి కాంపౌండరును బతిమాలి పిలుచుకొచ్చారు. మూతికి గుడ్డ బిగించి, నలుగురు పట్టుకుంటే, ఆయన కంబి కత్తిరించి మందు పెట్టాడు. సోమవారానికి కరియ సంగటి తినింది. వారం రోజులకని వచ్చిన అక్క ఆ సోమవారమే పోవాల్సింది. పోతానని మూట కూడా కట్టింది. గంగులమ్మ ఆ మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. “సూదులు నిలిపేదాకా యాడికీ పోయేది లేదు” అంది. ఆ ఒక్క మాటే. మిగతా రోజులు బస్సులో పక్కన కూర్చుంది కానీ నోరు విప్పలేదు.

పదో రోజు శుక్రవారం. కుక్క తిరుగుతోంది, తింటోంది, మొరుగుతోంది అని చెబితే డాక్టరు చీటీ మీద గీత కొట్టి, ఇక రానక్కర్లేదన్నాడు. వెంకటరత్నమ్మ ఆ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. గంగులమ్మ పక్కన నిలబడింది.

ఆ సాయంత్రం నడవాలో చెనిక్కాయలు వలుస్తూ గంగులమ్మ అడిగింది. “అమ్మ ఆ మూడు రోజులూ ఎట్లుండింది? ఏం తినింది? అంతా చెప్పు. ఏదీ దాయొద్దు.”

వెంకటరత్నమ్మ చెప్పింది. ఏ పూట గంజి మింగిందో, ఏ పూట మింగలేదో, తల ఎటు పెట్టి పడుకోబెట్టారో, చివరికి ఏ చీర కట్టారో అంతా చెప్పింది. తల్లి ఎట్లా పోయిందో గంగులమ్మ వినడం పద్నాలుగేళ్లలో అదే మొదలు. వింటూ వింటూ వలిచిన గింజల్ని పొట్టులో వేసి, పొట్టును చేటలో వేసింది.

అంతా అయ్యాక అక్క అడిగింది. “నా మీద కోపం పోయిందా?”

“పోలా” అంది గంగులమ్మ. “నువ్వు అన్ని నెలలు ఒక్కదానివే చేసినావు. నేను రాలేదు. అదీ నిజమే. అయినా కోపం పోలా.”

మరునాడు పలమనేరు బస్సు ఎక్కించి వచ్చింది. దోవలో తినడానికి సంగటి, ఊరుబిండి కట్టిచ్చింది.

మరుసటేడు చెనిక్కాయలు పీకి, ఒబ్బిడి చేసి ఇంటికి చేర్చాక, ఎవరూ పిలవకుండానే, గంగులమ్మ కుప్పం పోయి రెండు రోజులుండి వచ్చింది. ఆ తర్వాత ఏటా పోయేది. రెండు రోజులే, మూడో రోజు ఉండేది కాదు. అక్క వండిపెట్టేది, ఈమె తినేది. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని రోడ్డున పోయేవాళ్లను చూసేవాళ్లు.