మూడో బలవంతం

వారంలో అయిదు రోజులు ఉత్తరాలు విడదీసే షెడ్డులో ద్వారకానాథ్‌ను అందరూ "ద్వార్క్" అని పిలిచేవారు. ఆదివారం సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో అద్దె హాలు తలుపు తీశాడంటే మాత్రం ఆయన "ప్రెసిడెంట్ గారు".

బాపట్ల కాలేజీలో పద్దెనిమిదేళ్ళు చరిత్ర చెప్పిన మనిషి. భార్య జ్ఞానప్రసూనకు సిడ్నీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, 1990లో ఆమె వెంట వచ్చాడు. ఇక్కడ ఆయన పాఠాలు ఎవరికీ అక్కరలేకపోయాయి. తొంభై అయిదులో ఇరవై కుటుంబాలను పోగేసి తెలుగు సంఘం పెట్టాక గానీ గొంతు మళ్ళీ పెగల్లేదు. రెండేళ్ళకోసారి ఎన్నిక. రెండుసార్లూ ఏకగ్రీవమే. ఏ పండగ ఉపన్యాసమైనా అమెరికా తొలి అధ్యక్షుల మీదికి మళ్ళవలసిందే. "ఇంకోసారి ఉండమని అందరూ బతిమాలినా, రెండు విడతలు చేసి పొలానికి వెళ్ళిపోయాడయ్యా వాషింగ్టన్! పసి దేశానికి ఆయన పోసిన ఉగ్గు అదీ!" అనేవాడు.

1999 నవంబరులో మూడో ఎన్నిక వచ్చింది. వైటూకే కంప్యూటర్ పనుల మీద దిగిన కుర్రాళ్ళతో హాలు నిండిపోతున్న రోజులు. ఆ పదవి పోతే తనకు ఆదివారం కూడా షెడ్డే అవుతుందన్న దిగులు ద్వారకానాథ్‌కు నిద్ర పట్టనివ్వలేదు.

"ఏమండీ, కావాలనుంటే కావాలని చెప్పెయ్యండి," అంది జ్ఞానప్రసూన.

"నోరు తెరిచి అడుక్కోమంటావా? వద్దంటాను. వాళ్ళు పట్టుబడతారు. మూడోసారికి ఒప్పుకుంటాను. మనింట్లో రెండోసారి గారె వద్దన్నవాణ్ణి నువ్వు వదులుతావా?"

"గారెలు వడ్డించేది నేను కదా," అందామె.

ఎన్నిక ఆదివారానికి వారం ముందే దేశమంతా ఓటేసి, గణతంత్రం వద్దు, బ్రిటిష్ రాణే చాలని తేల్చింది. హాల్లోకి వస్తూనే పాత స్నేహితుడు కేశవరావు ఆ మాటే ఎత్తాడు. "వీళ్ళు రాణిగారిని ఉంచేసుకున్నారు. మనం సార్‌ని ఉంచేసుకుందాం, గొడవ వదిలిపోతుంది!"

అందరూ నవ్వారు. ద్వారకానాథ్ గుండె కుదుటపడింది.

ఆయన లేచి, వాషింగ్టన్ కథ మళ్ళీ చెప్పి, చేతులు జోడించాడు. "అంతటివాడే రెండుతో సరిపెట్టుకున్నాడు. నేనెంత? ఇక నన్ను వదిలెయ్యండి."

కూర్చుని, మొదటి బలవంతం కోసం ఎదురుచూశాడు.

కార్యదర్శి నీలిమ అయిదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన పిల్ల. ఇప్పుడు లా చదువుతోంది. వద్దంటే వద్దనే అనుకుంటుంది. కేశవరావు నోరు తెరిచేలోపే మినిట్స్ పుస్తకంలో ఆమె కలం పరుగెత్తింది. "వావ్, అంకుల్! దట్స్ సో గ్రేస్‌ఫుల్. మినిట్స్‌లో రాసేశాను. ఓకే, నామినేషన్స్ ఎవరైనా?"

చప్పట్లు మోగాయి. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ చప్పట్ల మధ్య "ఉండండి" అనడం కేశవరావుకు కూడా అమర్యాదగా తోచిందేమో, ఆయనా కొట్టాడు. అయిదు నిమిషాల్లో బ్యాంకు ప్రోగ్రామర్ బాలమురళి పేరు లేచింది, చేతులు లేచాయి.

ద్వారకానాథ్ మంచినీళ్ళకన్నట్టు బయటికి వచ్చి కారులో కూర్చున్నాడు. అమెరికా రెండో అధ్యక్షుడు ఆడమ్స్ గుర్తొచ్చాడు. ఓడిపోయి, కొత్తవాడి ప్రమాణస్వీకారం చూడకుండా తెల్లవారకముందే బండెక్కి వెళ్ళిపోయినవాడు. ఆ ఘట్టం క్లాసులో నటించి మరీ నవ్వించేవాడు తను. ఒకసారి వెనకబెంచీ అమ్మాయి, "ఉండమని ఎవరూ అనకపోతే ఎలా ఉంటాడు సార్?" అంది. "కూర్చోమ్మా, అది అహంకారం," అని కొట్టిపారేశాడు. ఆ పిల్ల పేరేమిటో ఎంత తన్నుకున్నా ఇప్పుడు గుర్తురాలేదు.

లోపల ఉన్న జ్ఞానప్రసూన కోసం మళ్ళీ రావచ్చులే అనుకుని ఇంజన్ తిప్పబోతుంటే జేబులో హాలు తాళంచెవి తొడకు గుచ్చుకుంది. అప్పగించకుండా పోతే తనూ ఆడమ్సే. దిగి లోపలికి వెళ్ళాడు.

బాలమురళి కంగారుపడ్డాడు. "అయ్యో, అది మీ దగ్గరే ఉండనివ్వండి సార్. కొత్త సంవత్సరం దాటేదాకా మాకెవరికీ లీవుల్లేవు. ఆదివారాలు హాలు తియ్యాలి, కుర్చీలెయ్యాలి..."

"వద్దు బాబూ."

"అలా అనకండి సార్."

"వద్దయ్యా. ఈసారి నిజంగానే."

"మీరు తప్ప ఎవరున్నారు సార్ మాకు!"

మధ్యాహ్నమంతా ఆయన ఎదురుచూసిన మాట అది. తాళంచెవి బల్లమీద పెట్టబోయిన చెయ్యి అక్కడే ఆగింది. కాసేపటికి మెల్లగా జేబులోకి వెళ్ళింది. అందరూ వెళ్ళిపోయాక ఆయన ఒక్కో కుర్చీ మడిచి గోడవార చేర్చడం మొదలుపెట్టాడు. అంతా విన్న జ్ఞానప్రసూన వచ్చి అవతలి వరస అందుకుంది.

"వద్దనలేకపోయారా?" అంది.

"అన్నాను," అన్నాడాయన తలెత్తకుండా. "మూడుసార్లు అడిగారు."