బాలమణి టీచర్ అడగని ప్రశ్న

మొన్న ఉప్పల్‌లో రక్తపరీక్షకు వెళితే, సూది గుచ్చే ముందు అక్కడి అమ్మాయి దూదిని స్పిరిట్‌లో ముంచి నా చేతికి రాసింది. అంతే, గుండె దడదడలాడింది. "సూదంటే గంత భయమా మేడమ్?" అని నవ్విందా పిల్ల. సూది కాదు తల్లీ, ఆ వాసన. అది ముక్కుకు తగిలిందంటే చాలు, నేను మళ్లీ పదో తరగతి పిల్లనై నాచారం సర్కారు బడి సైన్సు ల్యాబులో, దగ్గరగా వేసిన తలుపుకు లోపలి వైపు నిలబడి ఉంటాను. ఆ భయంలోంచి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చిన మనిషి బాలమణి టీచర్. మాకు సోషల్ చెప్పేది. చూడగానే గుర్తుండిపోయే మనిషేం కాదు. పొట్టిగా, నలిగిన కాటన్ చీరలో, చంకన టిఫిన్ సంచితో అంబర్‌పేట్ నుంచి బస్సెక్కి వచ్చేది. క్లాసుకోసారి సుద్దముక్క ఎక్కడో పెట్టి మరిచిపోయి మామీద అరిచేది.

మాది కాకినాడ వైపు. నాన్నకు నాచారం కంపెనీలో స్టోర్స్ గుమాస్తా ఉద్యోగం దొరికితే, విద్యాసంవత్సరం మధ్యలో వచ్చి ఈ బడిలో చేరాను. నా "ఏవండీ"లనూ "ఆయ్"లనూ వెక్కిరించడం క్లాసు ఆడపిల్లలకు రోజువారీ కాలక్షేపం. వాళ్లలో ఒక వింత అలవాటు ఉండేది. సైన్సు సారు రికార్డు పట్టుకురమ్మని ఏ అమ్మాయిని పిలిచినా ఇద్దరు వెళ్లేవారు, ఒకరి చున్నీ కొస ఒకరు పట్టుకుని. నా పక్కన కూర్చునే స్వరూప ఒకరోజు, "ఓ ఆంధ్రా పిల్లా, ల్యాబుకు ఒక్కదానివి పోకు. నన్ను పిలువు" అంది. ఎందుకని అడిగితే, "పోకు అంటే పోకు, గంతే" అంది. ఆటపట్టిస్తోందనుకున్నాను. పొద్దస్తమానం వెక్కిరించే నోరు ఆ ఒక్కసారి నిజం చెబుతోందని నాకేం తెలుసు!

ఒక మధ్యాహ్నం సారు పిలిస్తే ఒక్కదాన్నే వెళ్లాను. బల్లమీద స్పిరిట్ దీపం వెలుగుతోంది. సారు తలుపు దగ్గరగా వేసి నా భుజం మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు. మిగతాది రాయను. వరండాలో ఎవరో నవ్వుకుంటూ పోతుంటే ఉలిక్కిపడి వదిలాడు, నేను పరుగెత్తాను. "ఎవలకన్న చెప్తే నీ పేరే ఖరాబైతది" అని వెనకనుంచి వినబడింది.

అంతకంటే పెద్ద భయం నాన్న. మా మేనత్త కూతురి వెంట వీధిలో ఎవడో పడ్డాడని తెలియగానే ఇంట్లో పెద్దలంతా కలిసి ఆ పిల్లకే చదువు మాన్పించారు. నేను నోరు విప్పితే నా పదో తరగతీ అంతే సంగతులు. ఉండబట్టలేక అమ్మకు మాత్రం చెప్పాను. "ఒక్కదానివే ఎందుకెళ్లావే?" అంది ముందు. తర్వాత, "నాన్నకి చెప్పకు" అని నా చున్నీకి రెండు పిన్నీసులు ఎక్కువ పెట్టి బడికి పంపింది. పాపం, ఆవిడకు తెలిసిన కాపలా అదే.

ఆ తర్వాత ల్యాబు వైపు అడుగు పడేది కాదు. ఒకరోజు అన్నాల బెల్లప్పుడు బాలమణి టీచర్ నన్ను పట్టుకుంది. "ఏందే బిడ్డా, రికార్డు ఇచ్చి రమ్మంటే గోడకు అతుక్కుంటున్నవ్?" నేను ఏడ్చేశాను. స్వరూపే అంతా చెప్పింది. టీచర్ మెట్లమీద కూలబడింది. "మీరు ఇద్దరిద్దరు పోతుంటే ఎంత దోస్తానా అని మురిసిన. స్టాఫ్‌రూంల చెప్పి నవ్విన గూడ. గది భయమని నాకు తెల్వకపాయె" అంటూ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. నా వైపు తిరిగి, "నీకేం గావాలె బిడ్డా?" అని అడిగింది.

"నాన్న బడి మాన్పించకుండా ఉంటే చాలు టీచర్" అన్నాను.

హెడ్‌మాస్టర్ గదిలోకి తీసుకెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, పిరికివాడు. "ఒక్కదానివే ఎందుకు పోయినవమ్మా?" అని ఆయనా మొదలుపెట్టాడు. "సైన్సు సారును గూడ పిలిపిస్త. ఆయన మొకం మీదనే చెప్పు" అన్నాడు. టీచర్ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది. "ఆయన ముంగట చెప్పదు సార్. నేను చెప్పనియ్య."

"పరీక్షలొస్తున్నయి టీచర్. ఒక్క పిల్ల మాట పట్టుకొని బడి ఇజ్జత్ తీస్కుందామా?"

"ఒక్క పిల్లనా?" అని ఆవిడ తలుపు తెరిచింది. బయట స్వరూప పోగుచేసి తెచ్చిన మా క్లాసు ఆడపిల్లలంతా బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నారు. "ఒక్కొక్కరు రాకుండ్రి బిడ్డా. ల్యాబుకు ఎట్ల పోయేటోళ్లో గట్లనే రాండ్రి" అంది. జంటలు జంటలుగా, చున్నీ కొసలు పట్టుకుని వాళ్లు లోపలికి వస్తుంటే హెడ్‌మాస్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇగ పై ఆఫీసుకు మీరు రాస్తరా, నన్ను పొమ్మంటరా?" అంది టీచర్.

ఆయనే రాశాడు. విచారణకు వచ్చారు, పోలీసు కేసైంది, సైన్సు సారు బడినుంచి పోయాడు. కానీ అదంతా తేలేలోపు ఎన్ని భయాలో! ఎవడో మోటారుసైకిలు మీద మా గల్లీలో ఊరికే తిరిగేవాడు. టీచర్‌ను ఆదిలాబాద్ అడవుల్లోకి బదిలీ చేయిస్తామని సారు తాలూకువాళ్ల నుంచి కబురొచ్చింది. "మీకు భయం లేదా టీచర్?" అని అడిగాను. "ఎందుకు లేదే? పట్టి సూడు" అని చెయ్యిచ్చింది. చల్లగా ఉంది, వణుకుతోంది. "భయమైతది. ఐతే ఐతది తియ్యి. పా, బెల్లయింది."

నాన్నకు తెలియనే తెలిసింది. రేపట్నుంచి బడి లేదన్నాడు. సాయంత్రం టీచర్ మా ఇంటికొచ్చింది. "మా పిల్లని మేం చూసుకుంటామండీ. అసలు ఒక్కత్తే ఎందుకెళ్లిందంట?" అన్నాడు నాన్న.

"బిడ్డ పోయింది బడిలకే గదా అన్నా. బడిల గూడ ఒక్కతి తిరగొద్దా? తప్పు జేసినోన్ని బడి బయటికి పంపినం. ఇగ నీ బిడ్డను గూడ పంపుదామంటవా?"

టీచర్ ముందు పెట్టిన కాఫీ చల్లారిపోయింది. నాకా రాత్రి కంటిమీద కునుకు లేదు. తెల్లారి కంపెనీకి బయల్దేరుతూ స్కూటర్ తీసి, నా వైపు చూడకుండానే, "ఎక్కు. మళ్లీ లేటయిపోద్ది" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా ఇంక దేనికీ ఏడవలేదు.

అమ్మ, హెడ్‌మాస్టరు, నాన్న, విచారణకు వచ్చినవాళ్లు, అందరూ అడిగారు ఒక్కదానివే ఎందుకెళ్లావని. బాలమణి టీచర్ ఒక్కత్తే అడగలేదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు. అప్పటికి ఆవిడ లేదు.

పోయిన నెల, రెండో తరగతి చదివే మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని, "అమ్మా, వ్యాన్ అంకుల్ నన్ను లాస్ట్‌లో దింపుతున్నాడు. ముందు సీట్లో కూర్చోమంటాడు. నాకు ఇష్టం లేదు" అంది. "నువ్వెందుకు కూర్చున్నావే?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. భయమే తెచ్చింది దాన్ని. గట్టిగా మింగేశాను. "చెప్పినందుకు మంచిపని చేశావు తల్లీ. రేపట్నుంచి ఆ వ్యాను వద్దు" అన్నాను. పొద్దున్నే దాని చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. నా చెయ్యి వణుకుతున్నది దానికీ తెలుస్తోంది. తెలిస్తే తెలిసింది. తలుపు తట్టాను.