రెండు ఇత్తడి పళ్ళేలు, ఒక మృదంగం

ముందే చెప్పేస్తున్నాను. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. ఇరవై ఏళ్ళు మృదంగం వాయించినవాడికి ఒక దెబ్బ కొట్టాల్సిన చోట నాలుగు కొట్టబుద్ధి అవుతుంది. చదివేవాళ్ళు వాళ్ళ ఓపికను బట్టి తగ్గించుకోవచ్చు.

కరోనా సెలవుల తరువాత బడులు తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను ఆదోనిలోని సంగీత నృత్య పాఠశాలకు వేశారు. హోదా పక్కవాద్యకారుడు. మణికట్టు అరిగిపోయి యాభై మూడేళ్ళకే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నాను. కూచిపూడి తరగతిలో హోదాల వరుస ఒకటుంటుంది. తాళం పట్టుకుని జతులు పలికే నట్టువాంగం వారు మొదట, గాయని తరువాత, ఆ తరువాత మృదంగం. నాట్యం వేగాన్ని కాలం అంటారు, మూడో కాలం అన్నిటికన్నా వేగం. కాలం నిర్ణయించేది నట్టువాంగం వారే. మృదంగం దాన్ని అనుసరించాలి. ఈ నియమం నాకు నోటికి వచ్చు. చేతికి రావడానికే ఆలస్యమైంది.

నట్టువాంగం రాజ్యలక్ష్మి మేడమ్‌ది. ఆమె తాళం ఒక్కసారి మోగిస్తే వీధిలో ఆటోలు కూడా లయ తప్పకుండా హారన్ కొట్టేవి. ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు ముందు వరుస కోసం పోటీ పడేవాళ్ళు. వైష్ణవి ఆదోనిలో ఒక అయ్యవారి కూతురు. ఈరమ్మ ఎమ్మిగనూరు దారిలోని ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేది. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు. తరగతి తొమ్మిదింటికైతే ఒకరు ఎనిమిదిన్నరకు వచ్చేవారు. మర్నాడు రెండోవారు ఎనిమిదికి. మూడు నెలలయ్యేసరికి వీళ్ళు వాచ్‌మన్‌ను నిద్ర లేపడం మొదలుపెట్టారు.

ఆ ఏడాది మంత్రాలయం వేదిక మీద మా పాఠశాలకు ఒక తరంగం దక్కింది. తరంగం అంటే ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ళ చెంబుతో, కాలివేళ్ళతో పళ్ళేన్ని నడిపిస్తూ ఆడేది. ఆడేది ఒక్కరే. వైష్ణవికి అది గౌరవం. ఈరమ్మకు అంతకన్నా ఎక్కువ. చలి మొదలైతే వాళ్ళ ఇంటిల్లిపాదీ మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. ప్రోగ్రాం వస్తే అవ్వ దగ్గర ఉంచుతామని, రాకపోతే తమతో పాటు తీసుకుపోతామని తండ్రి చెప్పినాడు. పోయిన పిల్ల మళ్ళీ గజ్జె కడుతుందని నమ్మకం లేదు.

ఎంపికకు ముందురోజు నేను నాదం గంభీరంగా రావడానికి మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద అద్దుతుంటే వైష్ణవి వచ్చి పక్కన కూర్చుంది.

“సార్, రేపు మూడో కాలం జోరుగా ఎత్తండి సార్. నేను ఇంట్లో అట్లే సాధకం చేసినాను. ఆ పిల్లకు రాదు.”

గంట తరువాత ఈరమ్మ వచ్చింది. అదే కోరిక, దాదాపు అవే మాటలు. ఆ పిల్లకు రాదన్నది కూడా. నేను ఇద్దరికీ సరేనన్నాను. నిజానికి వాళ్ళు అడగకపోయినా జోరుగానే వాయించేవాణ్ణి. నా వేళ్ళ వేగం ఆదోని ఇంకా పూర్తిగా చూడలేదని నాకొక బాధ ఉండేది.

మర్నాడు మేడమ్ ఇద్దరినీ పక్కపక్కనే పళ్ళేల మీద నిలబెట్టింది. మూడో కాలంలో నేను తోశాను. ఎంతగా తోశానంటే తాళం నా వెనక పరుగెత్తింది. నున్నటి బండల మీద ఈరమ్మ పళ్ళెం అడ్డంగా జారి వైష్ణవి పళ్ళేనికి తగిలింది. ఇద్దరూ పడ్డారు. రెండు చెంబులూ దొర్లాయి. ఆ చప్పుడుకు మార్కెట్ యార్డులో పత్తి వేలం ఒక నిమిషం ఆగిందని విన్నాను. చెప్పింది నేనే.

ఈరమ్మ కావాలనే గుద్దిందని వెనక వరుసలో గుసగుస లేచింది. ఈరమ్మ ముఖం తెల్లబోయింది. మేడమ్ తాళం కింద పెట్టి, కాలం తోసింది ఎవరని అడిగింది. నేను లేచి, మృదంగం పక్కన పెట్టి, నేనేనని ఒప్పుకున్నాను. హాలంతా నా వైపు గౌరవంగా చూసింది.

మేడమ్ మళ్ళీ పరీక్ష పెట్టింది, ఈసారి విళంబంలో, అంటే బాగా నెమ్మదిగా. పళ్ళెం మీద నెమ్మదే కష్టం. సైకిల్ మెల్లగా తొక్కితే పడిపోతామే, అలా. నేల తాకిన కాలు ఓడినట్టు. నేను ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టలేదు. బిందెలు మోసి అలవాటైన ఈరమ్మ నెత్తిన చెంబు కదల్లేదు కానీ తాళం ఐదో ఆవర్తనంలో కాలు నేల తాకింది. వైష్ణవి చెంబు ఒలికి జడంతా తడిసింది, కాలు మాత్రం దిగలేదు. నియమం ప్రకారం వైష్ణవి గెలిచింది.

ఈరమ్మ గజ్జెలు విప్పి గుడ్డలో చుట్టింది. వైష్ణవి నీళ్ళు కారుతున్న జడతో మేడమ్ ముందు నిలబడింది.

“ఆ పిల్ల సుగ్గికి పోతే నేను ఎవురితో పోటీ పడాల మేడమ్? చెంబు నాకు నిలబడదు. దానికే వచ్చు. అది ఈడే ఉండాల.”

ఇందులో జాలి లేదు. పక్కా స్వార్థం. మేడమ్‌కు అది నచ్చింది. తరంగాన్ని ఇద్దరికీ కూర్చింది, జతికి జతి ఒకరి తరువాత ఒకరు. మరుసటి ఆదివారం మేడమ్, నేను ఈరమ్మ పల్లెకు పోయాం. తండ్రి అంతా విని ఒకే ఒక్కటి అడిగినాడు.

“మా పాప ముందర నిలబడతాదా, ఎనక నిలబడతాదా మేడమ్?”

పక్కనే అని మేడమ్ చెప్పింది. పాపను అవ్వ దగ్గర వదిలిపెట్టినాడు.

మంత్రాలయంలో ఇద్దరూ ఆడారు. తుంగభద్ర ఒక్క క్షణం ఆగి చూసింది. వేదిక దిగీ దిగగానే ఎవరి చెంబు ఎక్కువ కదిలిందని ఇద్దరూ తగవులాడుకున్నారు.

తుంగభద్ర ఆగిందన్నది అబద్ధమని అందరికీ తెలిసేదే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. నేను నిజంగా కల్పించింది ఒకటుంది. కాలం తోసింది ఎవరని మేడమ్ అడిగినప్పుడు నేను లేవలేదు. శ్రుతి సరిచేస్తున్నట్టు మృదంగం వార్లు లాగుతూ కూర్చున్నాను. లేచింది ఆ పిల్లలు. నేనే అడిగినాను మేడమ్ అని వైష్ణవి, నేనూ అడిగినాను అని ఈరమ్మ. సార్ అడిగినట్టే వాయించినాడు అని కూడా ఇద్దరూ కలిపారు. వాళ్ళు అడగకపోయినా తోసేవాణ్ణేనని మేడమ్‌కు నేను చెప్పింది ఆదివారం, ఆ పల్లె నుంచి తిరిగి వస్తూ బస్సులో.

“తాళం నా చేతిలో ఉండె కదప్పా. నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వు ఎప్పుడు చెప్తావోనని చూస్తాండాను,” అంది.

ఆ తరువాత ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. అందుకు ఆమెకు, ఆ ఇద్దరు పిల్లలకు రుణపడి ఉన్నాను. పక్కవాద్యం పని ఆడేవారి కాలి కింద కాలాన్ని కదలకుండా ఉంచడం. అది కదిలితే, ఆడేవారిని అడగకముందే వాయించినవాడు చెప్పాలి.