నాన్న తనది కాదన్న పాట

మొన్న వాన తగ్గిన సాయంత్రం జయపురంలో మా వీధి చివర ఎవరో నీలగిరి ఆకులు కుప్పపోసి అంటించారు. ఆకులు సగం తడిగా ఉన్నాయేమో, మంట కంటే పొగే ఎక్కువ. గొంతు పట్టుకునే ఆ ఘాటు వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి రాగానే, స్టవ్ మీద పోపు మాడుతున్న సంగతి కూడా మరిచి, ఎనిమిదేళ్ళ పిల్లనై కొరాపుట్ కొండల నడుమ ఒక ఫ్యాక్టరీ కాలనీలో నిలబడిపోయాను.

ఆ కాలనీ నిండా నీలగిరి చెట్లే. వాటి వెనక మనిషికి రెండింతలెత్తు ఇనుప వల కంచె, ఆ కంచెకు ఒకే ఒక్క గేటు. బడీ, ఆసుపత్రీ, రేషన్ దుకాణం, గుడీ అన్నీ లోపలే ఉండేవి కనుక మాకు బయటికి వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు. వానాకాలం నెలలకు నెలలు బట్టలారక, అమ్మ వాటిని కుంపటి మీద గంప బోర్లించి ఆరబెడితే నేను బొగ్గు వాసనతో బడికి పోయేదాన్ని. చలికాలం పొద్దుటి షిఫ్టుకు సైకిలెక్కిన నాన్న నాలుగు క్వార్టర్లు దాటకుండానే పొగమంచులో కరిగిపోయేవాడు, బెల్లు మాత్రం కాసేపు వినిపించేది. పక్కింటి ఒడియా పెద్దమ్మ పసుపాకుల్లో చుట్టి ఉడికించిన పిఠాలు పంపితే, అమ్మ ఆ గిన్నె కడిగి అందులో పాకం గారెలు పెట్టి తిరిగి పంపేది. పిల్లలం ఆడే ఆటల్లో ఎక్కువగా ఆడింది గేటాట. ఒకడు కాపలావాడు, మిగతా వాళ్ళం ఆకులు పట్టుకుని వరసలో నిలబడాలి. ఆ ఆకు పాసన్నమాట. చిరిగిన ఆకు చూపిస్తే లోపలికి రానిచ్చేవాడు కాదు. అది ఆటలా అనిపించేది, అంతే.

మా నాన్న సింహాచలం ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి రేకు పెట్టెతోపాటు తాత వాయించిన జముకు కూడా తెచ్చుకున్నాడు. గుమ్మడికాయంత డొల్లకు తోలు బిగించి, మధ్యలోంచి తీగ లాగి మీటే వాయిద్యం అది. తాత కథలు చెప్పేవాడు, నాన్న పాటలు కట్టేవాడు. డ్యూటీ నుంచి వచ్చి, గోళ్ళలోని గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుంటూ, టిఫిన్ డబ్బా మూత మీద వేళ్ళతో దరువేస్తూ ఒక్కో మాటా వెతుక్కునేవాడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ వినేది. పాట నచ్చితే ఆమె చెయ్యి ఆగిపోయేది. నాన్న ఆ చేతివంకే చూసేవాడు, ఆగకపోతే మళ్ళీ మొదటికొచ్చేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు సుక్రు వచ్చేవాడు. కాలనీ తోటల్లో పనిచేసే కొండమనిషి, నాన్న ఈడువాడే. మా బడి కట్టిన చోటే వాళ్ళ ఊరు ఉండేదని, మా తరగతి గది కింద వాళ్ళమ్మ పొయ్యి ఉండాలని మామూలుగా చెప్పేవాడు. అమ్మ ఇద్దరికీ చోడి అంబలి పోసేది. నాన్న జముకు, సుక్రు ఒంటితీగ వాయిద్యం, ఒకరి తెలుగు ఒకరి దేశియా కలిసిపోయి, రెండు భాషలూ రాని పక్కింటి పంజాబీ ఆయన కూడా గోడ దగ్గరికొచ్చి నిలబడేవాడు.

మా వాకిట్లోంచి కనిపించే ఎదురు కొండను ఫ్యాక్టరీకి కావలసిన ఖనిజం కోసం అప్పటికే నెత్తిమీంచి తవ్వుకొస్తున్నారు. ఒక వానాకాలమంతా మబ్బు కమ్మి, తెరిపిచ్చిన పొద్దున చూస్తే కొండ శిఖరం లేదు, ఎర్రటి బల్లలా చదునుగా ఉంది. ఆ రోజు నాన్న కట్టిన పాట మొదలు నాకిప్పటికీ నోటికి వస్తుంది:

ఏ పొద్దు లేసినా ఎదురుగ నువ్వే
ఇయ్యాల లేసి సూత్తే ఏటైపోనావే, కొండా

అమ్మ చెయ్యి ఆగడం కాదు, చేట కిందపెట్టేసింది. సుక్రు దాన్ని తన మాటల్లోకి మార్చుకుని వాళ్ళవాళ్ళ మధ్య పాడాడు. చైత్ర పండుగ నాటికి అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పాకింది. ఆ పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకే, భూములు పోయినవాళ్ళు గేటు ముందు వచ్చి కూర్చున్నారు. షిఫ్టు దిగి సైకిలు తోసుకొస్తున్న నాన్నకు గేటు అవతలి నుంచి వందమంది గొంతుల్లో తన పాట వినిపించిందట. కలిసి పాడలేక, అలా దాటి పోనూ లేక సైకిలు పట్టుకుని నిలబడిపోయానని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు.

మరునాడు బడిలో, మేము కూడా అదే కూనిరాగం తీస్తుంటే టీచరు ఊరికే అడిగింది, ఈ పాట మీకు ఎవరు నేర్పారని. నేను లేచి నిలబడి, మా నాన్న కట్టాడని చెప్పాను. నాకెంత గర్వంగా ఉందంటే, కూర్చోమన్నా వెంటనే కూర్చోలేదు. మా తరగతిలో పెద్దాఫీసరు గారమ్మాయి నా ముందు బెంచీలోనే ఉండేది. వెనక్కి తిరిగి నావైపు చూసింది.

రెండు రోజులకు నాన్నను ఆఫీసుకు పిలిచారు. ఎవరూ కసరలేదట, కుర్చీ వేసి టీ ఇచ్చారట. నువ్వు మంచి కళాకారుడివి, మన ఫ్యాక్టరీ మంచి కోసం పాడు అన్నారట. ఇకమీదట కట్టే ప్రతి పాటా ముందు తమకు చూపించమన్నారు. ఒక కాగితం ముందుకు జరిపారు. గేటు దగ్గర పాడుతున్న పాటతో తనకు ఏ సంబంధమూ లేదని అందులో ఉంది. క్వార్టరూ, నా చదువూ, నెలలు నిండుతున్న అమ్మకు పురుడు పోయాల్సిన ఆసుపత్రీ అన్నీ ఆ గేటు లోపలే ఉన్నాయి. నాన్న సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి ఇదంతా అమ్మతో మెల్లిగా చెబుతుంటే నేను తలుపు వెనక నిలబడి విన్నాను. చెప్పింది నేనేనని నోరు విప్పే ధైర్యం రాలేదు.

సుక్రుకు గేటు పాసు ఆఫీసువాళ్ళు మళ్ళీ రాసివ్వలేదు. ఒక ఆదివారం అతను కంచె అవతలికొచ్చి నాన్నను పిలిచాడు. నాన్న వేళ్ళు వల కన్నాల్లో దూర్చి, తలొంచుకుని కాగితం సంగతి చెప్పాడు. సుక్రు తన వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"నువ్వు లోపల ఉండు, సిమాచలం. పాట నా దగ్గర ఉంటాది."

తర్వాత సుక్రు వాళ్ళు దసమంతపూర్ వైపు వెళ్ళిపోయారు.

నాన్న పాటల జీవితం అసలు అక్కడి నుంచే మొదలైందని కాలనీ వాళ్ళంటారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన లేకుండా ఏ సభా జరగలేదు. హెల్మెట్ పాట, చేతి తొడుగుల పాట, బదిలీ అయిన ప్రతి ఆఫీసరుకూ వీడ్కోలు పాట, విశ్వకర్మ పూజకు ఏటా ఒక కొత్త పాట. ఆ పూజ రోజు ఇంటిల్లిపాదినీ ఫ్యాక్టరీలోకి రానిచ్చేవారు. బూందీ పొట్లాలు పట్టుకుని, బొట్లు పెట్టి పూలదండలు వేసిన యంత్రాల మధ్య అమ్మా, తమ్ముడూ, నేనూ కూర్చుంటే, నాన్న ఇస్త్రీ యూనిఫాంలో జముకు మీటుతూ పాడేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. గొంతు అదే, అమ్మ మాత్రం బియ్యం ఏరే చెయ్యి ఆపడం మానేసింది. శాలువాలతో రేకు పెట్టె నిండింది. కొండ పాటలాంటిది ఇంకోటి కట్టొచ్చు కదా అని నేనొకసారి అడిగితే, మాట తట్టగానే సార్లకు ఎలా చూపించాలా అన్నదే ముందొస్తోందని చెప్పాడు.

నేను నర్సునై రాయగడలో చేరాను. నాన్న రిటైరై అమ్మతో జయపురం వచ్చేశాడు. ఒకరోజు కాశీపూర్ నుంచి వచ్చిన బాలింత మంచం పక్కన, ఆమె తల్లి బిడ్డను ఊపుతూ నాన్న కట్టిన ఆ కొండ పాటే పాడుతోంది. మాటలు సగం మారాయి, రాగం మారలేదు. జయపురం వెళ్ళినప్పుడు నాన్నకు ఆ సంగతి చెప్పాను. మూడో రోజు, దసమంతపూర్ తీసుకెళ్తావా అని అడిగాడు.

సుక్రు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. అతని కూతురు మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి పాడింది. ఇది మా తాతల నాటిది అంది. నాన్న తలూపాడు. మీరూ ఒకటి పాడండని వాళ్ళు అడిగితే లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. నోట వచ్చింది హెల్మెట్ పాట. ఆడవాళ్ళు మర్యాదగా విన్నారు. రెండో చరణం దగ్గర ఆయనే ఆపేసి కూర్చున్నాడు.

తిరుగు బస్సులో నేను ఇక ఆగలేకపోయాను. బడిలో లేచి నిలబడిన సంగతి, తలుపు వెనక నిలబడిన సంగతి చెప్పేశాను.

"తెలుసమ్మీ. ఆ పెద్దాఫీసరే సెప్పేడు, నన్ను పిలిసిన రోజు."

"మరి నన్నేటీ అనలేదేటి నాన్నా?"

బస్సు ఘాటీ దిగుతోంది.

"ఏటనాల? అది నా పాటని పదిమందిలో లేసి సెప్పింది నువ్వొక్కర్తివే. నేను సెప్పలేకపోనాను."

అప్పట్లో మేమున్న ఆ వరస క్వార్టర్లకు ఇప్పుడు కప్పులు లేవు. ఉద్యోగులు తగ్గి, పిల్లలు తగ్గి, బడి గదులు రెండింటికి తాళాలు వేశారట. పిఠాలు పంపిన పెద్దమ్మ లేదు. ఎదురు కొండ ఉన్నచోట ఆకాశం కనిపిస్తుంది, దాన్ని కొండగా చూసినవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి మిగిలాం. కంచె మాత్రం కొత్తగా వేశారు. నేనూ ఇప్పుడు జయపురంలో నాన్న దగ్గరే ఉంటున్నాను. ఆయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటాడు. ఆ కొండ పాట మొత్తం ఆయన చేతే ఒక కాగితం మీద రాయించి, కింద పేరు పెట్టిద్దామని పెన్ను తెచ్చి ఇచ్చాను. పాటంతా తప్పు లేకుండా రాశాడు. పేరు రాయాల్సిన చోటికి వచ్చి, పెన్ను మూత పెట్టి, కాగితం నాకిచ్చేశాడు.