వకీళ్ల వెబ్‌సైటుకు మొదటి పేజీ

2024 వానాకాలం మొదట్లో పాల్వంచలోని ఒక వకీళ్ల ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. కొత్త వెబ్‌సైటు కావాలన్నారు. ఖమ్మంలో రెండు గదులు కిరాయికి తీసుకుని పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని అదే. నగల దుకాణాలకు, బడులకు, విత్తనాల కంపెనీలకు చేశాను గానీ వకీళ్లకు ఎప్పుడూ చేయలేదు. ఆ మాట వాళ్లకు చెప్పలేదు. నాకు తెలియని పని ఒకటుందని ఒప్పుకునే అలవాటు అప్పట్లో నాకు లేదు.

వెబ్‌సైటు కట్టే ముందు సైట్‌మ్యాప్ అని ఒకటి గీస్తాం. ఏ పేజీలు ఉండాలి, దేని తర్వాత ఏది రావాలి అని చూపే పటం అది. నేను గీసుకుని వెళ్లిన పటంలో మొదటి పేజీలో పెద్ద వకీలు రాఘవరావు గారి నిలువెత్తు ఫొటో, పక్కన జడ్జి సుత్తి బొమ్మ, కింద గెలిచిన కేసుల జాబితా, ఆ కింద క్లయింట్ల పొగడ్తలు ఉన్నాయి. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ముప్పై ఏండ్ల సంది కోర్టుకు పోతున్ననమ్మా. ఏ జడ్జి చేతిల సుత్తి చూడలే. గది సినిమాల్లనే ఉంటది.”

అక్కడితో ఆగలేదు. వకీళ్లు తమకు తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉందట. పేరు, చిరునామా, చదువు, ఏ రకం కేసులు చూస్తారు, ఇలాంటివే పెట్టుకోవాలి. గెలిచిన కేసులూ పొగడ్తలూ పెడితే ఆయన మెడకే చుట్టుకుంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నగల దుకాణానికి గీసిన పటాన్నే పేరు మార్చి తెచ్చానని ఆయనకు తెలిసిపోయింది.

“మొదటి పేజీల మా పేర్లు, డిగ్రీలు పెద్దగ పెట్టు. చాలు,” అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, తప్పు నాదైనప్పుడు మరీనూ. మీ దగ్గరికి వచ్చేవాళ్లను చూడకుండా ఇక గీత గీయనని చెప్పి, మర్నాటి నుంచి వాళ్లు కూర్చునే బెంచీ మీద నేనూ కూర్చున్నాను.

రెండో రోజు పొద్దున ముత్తమ్మ వచ్చింది. పినపాక అవతల, అడవి అంచున ఉన్న కోయ గూడెం ఆమెది. రెండు బస్సులు మారి వచ్చింది. భర్త లేడు. అడవిలో చెట్టు కొట్టి సాగుచేసుకున్న మూడెకరాల పోడు భూమే ఆధారం. దానికి పట్టా ఇమ్మని పెట్టిన దరఖాస్తును అటవీ హక్కుల డివిజన్ కమిటీ తోసిపుచ్చింది. జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవడానికి అరవై రోజుల గడువు. అందులో ఇంకా పదకొండు రోజులే మిగిలాయి. అవి దాటితే ఆ భూమి నాదని అడిగే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఆఫీసుకు ఆమె రావడం అది మూడోసారి.

గుమాస్తా యాదగిరి ఆమె యూరియా సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

“గ్రామసభ తీర్మానం నకలు ఏదమ్మా? పోయినసారి గదే తెమ్మన్న గద.”

“తెచ్చిన సారూ. ముద్ర ఉన్నది సూడు.”

“ఇది తీర్మానం కాదు. ఆదాయం సర్టిఫికెట్.”

ముత్తమ్మ కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుని మూతి కట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక చీటీ రాసిస్తే నీ సొమ్మేం పోయిందని యాదగిరి మీద విరుచుకుపడ్డాను.

“రెండుసార్లు రాసిచ్చిన మేడమ్,” అన్నాడు నెమ్మదిగా.

నిజమే. చీటీ ముత్తమ్మ దగ్గరే ఉంది. కొంగు ముడి విప్పి చూపించింది.

“సదివినోళ్లు సదివిండ్రు బిడ్డా. గ్రామసభ తీర్మానమని చెప్పిండ్రు. గది ఎట్లుంటదో ఎవలికెర్క? మా ఇంట్ల ఉన్న కాయితాలన్నిటి మీద ముద్రలే.”

యాదగిరికి క్షమాపణ చెప్పి పటం మళ్లీ మొదటి నుంచి గీశాను. ఏ పనికి ఏ కాగితాలు కావాలి, అవి చూడటానికి ఎలా ఉంటాయి, ఎవరిని అడిగితే ఇస్తారు అన్నదే మొదటి పేజీ. ప్రతి కాగితానికీ ఫొటో ఉండాలి. దాన్ని నొక్కితే తెలుగులోనూ కోయ భాషలోనూ అదేమిటో చెప్పే గొంతు వినపడాలి. రాఘవరావు గారు ముఖం చిట్లించారు.

“ఆఫీసు ముఖం మీద కాయితాల లిస్టు ఏందమ్మా? గది చూసుకొని మంది వేరే వకీలు దగ్గరికి పోతే?”

పక్క బల్ల దగ్గర టైపు చేసుకుంటున్న జూనియర్ వకీలు కవిత తలెత్తింది. తనూ చర్ల వైపు కోయ పిల్లే.

“పోనియ్యుండ్రి సార్. గడువు లోపల్నే పోతరు గద.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, “కోయ భాషల ఎవరు మాట్లాడుతరు మరి?” అని అడిగారు. “నేనే,” అంది కవిత.

మిగతా సైటు పక్కన పెట్టి ఆ ఒక్క పేజీ ముందు కట్టాను. పాత ఫైళ్లలోంచి కాగితాలు తీసి, పేర్లూ నంబర్లూ కప్పేసి ఫొటోలు తీశాం. గూడెంలో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి ఫొటోల సైజు వీలైనంత తగ్గించాను. కవిత మొదట కోర్టులో వాదిస్తున్నట్టు చదివింది. “జడ్జికి కాదమ్మా, మీ అమ్మకు చెప్పు,” అన్నాను. రెండోసారి చక్కగా కుదిరింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఆ పేజీ లింకు ముత్తమ్మ ఊళ్లోని ఆశా కార్యకర్త ఫోన్‌కు పంపాం.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఖమ్మం నుంచి పూటకోసారి ఫోన్ చేసి యాదగిరి ప్రాణం తీశాను. ఉండబట్టలేక చివరికి నేనే బస్సెక్కి వెళ్లి మళ్లీ ఆ బెంచీ మీద కూర్చున్నాను.

గడువు ఇంకా మూడు రోజులుందనగా ముత్తమ్మ వచ్చింది. వెంట అదే గూడెం నుంచి, అదే కష్టంలో ఉన్న మరో నలుగురు. యాదగిరి ఆమె కాగితాలు పరిచాడు. తీర్మానం నకలు, కులం సర్టిఫికెట్, ఆధార్, తిరస్కరణ పత్రం, ఊరి పెద్ద వాంగ్మూలం. ఒకసారి చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు.

“ఏం తక్కువున్నది సారూ?”

“ఏం తక్కువ లేదమ్మా. అన్నీ ఉన్నయి.”

ఆమె లేవలేదు. “మళ్లెప్పుడు రావాలె?”

“రానక్కర్లేదు. మేమే ఫోన్ చేస్తం.”

ఆమెకు నమ్మకం కుదరక నా వైపు చూసింది. నిజమేనని తలూపాను. మిగతా నలుగురి కాగితాల్లోనూ వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఐదు అప్పీళ్లూ మర్నాడే దాఖలయ్యాయి. రాఘవరావు గారు నన్ను పిలిచి, పేర్లూ డిగ్రీలూ చివరి పేజీలో పెట్టినా ఫరవాలేదన్నారు.

ఇంతకంటే అందమైన సైట్లు చాలా కట్టాను, కానీ నేను కట్టానని నలుగురిలో చెప్పుకునేది దీన్నే. ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు రెండు రోజులు వాళ్ల బెంచీ మీద కూర్చుంటాను. అక్కడికి వచ్చినవాళ్లు ఎందుకు పని కాకుండా తిరిగి వెళ్లాల్సి వస్తోందో చూశాకే పెన్ను తీస్తాను. ఆ పని నేర్పింది ముత్తమ్మే.

పట్టా ఇంకా ఆమె చేతికి రాలేదు. అప్పీలు మాత్రం తీసుకున్నారు, భూమి మళ్లీ కొలవమన్నారు. కొలతకు మనుషులు వచ్చిన రోజు ఆశా కార్యకర్త ఫోన్ నుంచి కవితకు ముత్తమ్మ గొంతుతో, కోయ భాషలో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కవిత దాన్ని నాకు తెలుగు చేసి చెప్పింది.

“గొలుసు పట్టి కొలుస్తుండ్రు బిడ్డా. నేను చేను నడుమనే నిలబడ్డ.”